రావమ్మ ముక్కు

రావమ్మ కారం కలిపిన ఆవపిండిలో వేలికొస అద్ది, నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ముందు ఉప్పు తెలిసింది. దాని వెనకాలే కారం వచ్చి నాలికని కాల్చింది. ఆ తరవాత మెంతిపిండి కమ్మగా రావాలి. కొత్త మిరపకాయల ఎండ వాసన రావాలి. నలిగిన వెల్లుల్లి రావాలి. ఏవీ రాలేదు. కార్తీకమాసం నుంచి రావడం లేదు.

అయినా ఆవిడ కళ్ళు తెరవలేదు. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళు గరిటెలు పట్టుకుని తన మొహంలోకే చూస్తున్నారు. వెంటనే తెరిస్తే గౌరవం ఉండదు. మరీ ఆలస్యంగా తెరిస్తే బీపీ పడిపోయిందని మంచినీళ్ళు తెస్తారు. రెండిటికీ మధ్య ఎంతసేపు ఆగాలో రావమ్మ ఈమధ్య బాగా నేర్చుకుంది.

"పిండి బాగుంది," అంది చివరికి. "ఉప్పు పిడికెడు తగ్గింది. వెయ్యి."

ఉప్పు విషయంలో ఆవిడ ఎప్పుడూ నిజమే చెప్పేది. నాలిక ఇంకా తనదే.

భవానీపురంలో భానుమూర్తి గారి మేడ కింద, ప్లానులో కారు పార్కింగని చూపించిన చోట పచ్చళ్ళు తయారవుతాయి. కారు వీధిలో ఎండలో ఉంటుంది, పచ్చళ్ళు నీడలో ఉంటాయి. సీసాల మీద భానుమూర్తి గారి భార్య ఇందిరాదేవి ఫోటో ఉంటుంది. పట్టుచీర, నుదుట పెద్ద బొట్టు, చేతిలో గరిటె. ఆ గరిటె ఫోటో స్టూడియో వాళ్ళది. ఇందిరాదేవి ఇన్నేళ్ళలో ఒక్క జాడీ కూడా కలిపింది లేదు. ఆ సంగతి ఆవిడ దాచలేదు, ఎవరూ అడగలేదు.

కలిపేది ఆడవాళ్ళు. కొనేదీ అమ్మేదీ భానుమూర్తి గారు. ఆయన కామర్స్ లెక్చరరుగా రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చుంటే షుగరొస్తుందని ఈ వ్యాపారం పెంచి, షుగరు తెచ్చుకున్నారు. బాగుందో లేదో చెప్పేది రావమ్మ. ఆవిడ ఊఁ అంటే జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టేవాళ్ళు. అనకపోతే జాడీ మొత్తం పెరటి గోతిలోకి పోయేది. సారుగారు కూడా మారు మాట్లాడేవారు కాదు.

రావమ్మ మనిషి బక్కపల్చన. మోచేతుల దాకా పసుపూ కారం కలిసిన రంగు పట్టేసి ఉంటుంది. ఏ సబ్బుకీ వదల్లేదు. వేళ్ళ చివర్లు ఉప్పుకి పగిలి, పగుళ్ళలో ఎర్రటి గీతలు. ముక్కు మాత్రం చెప్పుకోదగ్గదేమీ కాదు. చిన్నది, కొస కాస్త చట్టిది, ఎడంపక్క రాయి ఊడిపోయిన ముక్కుపుడక. ఇలాంటి ముక్కులు సిటీ బస్సులో సీటుకి రెండు కనిపిస్తాయి.

చల్లపల్లి పక్క పల్లెనుంచి, ఆటోనగర్లో లేతు మిషను మీద పనిచేసే మొగుడితో వచ్చి, ఈ ఇంట్లో అంట్లు తోమడానికి కుదిరిందావిడ. ఒకరోజు పెరట్లో గిన్నెలు తోముతూ తలెత్తి, "అమ్మగారూ, మీ కింది అరలో మాగాయ పాడవుతోంది" అంది. పరిగెత్తి చూశారు. జాడీ నిక్షేపంలా ఉంది. అంట్లు తోమేదానికి మాగాయ మీద కన్ను పడిందని నవ్వుకున్నారు. వారం తిరక్కుండా మాగాయకి బూజు పట్టింది. అంట్లకి వేరే మనిషిని పెట్టారు.

కార్తీకంలో అందరికీ వచ్చిన జ్వరమే రావమ్మకీ వచ్చింది. అందరికీ తగ్గినట్టే తగ్గింది. వాసన ఒక్కటి వెళ్ళి తిరిగి రాలేదు. గవర్నరుపేటలో చెవి ముక్కు గొంతు డాక్టరు ముక్కులో లైటు వేసి చూసి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. అంతమాత్రం కృష్ణలంకలో చిలక జోస్యం చెప్పేవాడూ చెప్తాడు. వాడైతే చిలకనైనా చూపిస్తాడు.

మాఘంలో ఆవిడ ట్రంకుపెట్టె తెరిచింది. మొగుడు పోయినప్పుడు ఉతక్కుండా దాచిన ఖాకీ చొక్కా అందులో ఉంది. ఏటా తిథినాడు తీసి, ఒక్కసారి మొహానికి ఆనించుకునేది. మిషను నూనె, ఇనపరజను, బీడీ, వాటి అడుగున మనిషి. ఈసారి ఆనించుకుంటే అది చొక్కా. అంతే. అప్పుడు ఏడ్చింది. డాక్టరు దగ్గర ఏడవలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే తను ఎవరు? మళ్ళీ అంట్ల మనిషి. ఆ వయసులో అంట్లకి కూడా ఎవరూ పెట్టుకోరు.

అందుకని ఒక పద్ధతి కనిపెట్టింది. పనివాళ్ళలో రామతులసి అనే పిల్లకి కాస్త ముక్కుంది. "ఏమే, నీకు నేర్పుతాను రా," అని పిలిచి, ప్రతి జాడీ ముందు ఆ పిల్లకి పెట్టేది. "చెప్పు, ఏం తెలుస్తోంది?" రామతులసి ముక్కు పెట్టి, భయంభయంగా, "ఇంగువ ఎక్కువైందా పెద్దమ్మా?" అనేది. రావమ్మ ఆ పిల్ల మొహం చూసేది. మాట తడబడినా ముక్కు రెక్కలు అబద్ధం చెప్పవు. బాగుంటే విచ్చుకుంటాయి, లేకపోతే మూసుకుంటాయి. చూసి, తలపంకించి, "ఇప్పటికి దారిలో పడ్డావ్" అనేది. రామతులసి పొంగిపోయేది. ఉసిరికాయ అలాగే గడిచింది. గోంగూర అలాగే గడిచింది.

ఇవాళ రామతులసి లేదు. గన్నవరంలో అక్క కూతురి ఓణీల ఫంక్షనుకి వెళ్ళింది.

ఇవాళే ఆవకాయ.

తెల్లారగట్ల నుంచి ముక్కలు కొట్టి, తుడిచి, నీడలో ఆరబోశారు. పిండి కలిసింది. గోడవారన మూడు పప్పునూనె డబ్బాలు నిలబడి ఉన్నాయి. నిన్న సాయంత్రం వచ్చిన సరుకు. మూతలు తీసే ఉన్నాయి. నూనె వాసన చూసి, కనరు లేదని రావమ్మ చెప్పాలి. కనరు నూనె ఒక్క డబ్బా పడినా ఏడాది ఆవకాయ మొత్తం గోతిలోకే. పోయకుండా ఆపితే సాయంత్రానికి ముక్కలు వాడిపోతాయి, అప్పుడూ గోతిలోకే.

మిగతా ఇద్దరికీ పెట్టి చూద్దామంటే ఒకావిడకి రెండ్రోజులుగా జలుబు. రెండో ఆవిడ కింద తుమ్మినా మేడమీదికి చేరవేసే రకం.

"పోసేద్దామా పెద్దమ్మా?" అంది ఆ రెండో ఆవిడే, డబ్బా చెవి పట్టుకుని.

"వర్జ్యం ఉందే. వెళ్ళనీ."

వర్జ్యం ఉందో లేదో రావమ్మకి తెలియదు. కానీ వర్జ్యం అన్నాక ఎవరూ డబ్బా ముట్టుకోరు. సాక్షాత్తూ భానుమూర్తి గారే దిగివచ్చి, "ఏంటి ఆలస్యం?" అని, సంగతి విని, "నాకు ఇలాంటి నమ్మకాల్లేవు. అయినా ఎప్పటిదాకా ఉందీ?" అని మెట్లెక్కేశారు.

రావమ్మ పెరట్లోకి వెళ్ళి రామతులసికి ఫోను చేసింది. అటునుంచి డీజే మోత.

"పెద్దమ్మా! ఏంటీ? వినపడట్లా!"

"ఎప్పుడొస్తావే?"

"భోజనాలా? ఇంకా అవలా పెద్దమ్మా!"

పెట్టేసింది. వినపడినా ఏం ప్రయోజనం, ఫోన్లో వాసన పోదు కదా. మళ్ళీ వచ్చి మూడు డబ్బాల ముందు నిలబడింది. మొదటిదాని మీదికి వంగి పీల్చింది. చల్లగా గాలి వెళ్ళింది. రెండోదీ గాలే. మూడోదీ గాలే. మూడూ ఒకే రంగు, మూడిట్లోనూ తన మొహమే. వేలు ముంచి నాకింది. జిడ్డు.

అప్పుడే పైనుంచి ఇందిరాదేవి పిలిచింది.

"రావమ్మా! ఒకసారి పైకి రావే! అల్లుడుగారు నీ ముక్కు కావాలంటున్నారు!"

రావమ్మ జిడ్డువేలు కొంగుకి తుడుచుకుంది. మొన్న ఇందిరాదేవి "అగరొత్తులు మార్చాను, గమనించావా?" అని అడిగింది. బాగున్నాయమ్మగారూ అంది తను. నిజంగా మార్చిందో లేదో తెలియదు. ఆ రోజునుంచీ ఆ ప్రశ్న ఆవిడ కడుపులో చింతగింజలా ఉండిపోయింది. ఇప్పుడు అందర్నీ కూర్చోబెట్టి అడగబోతున్నారేమో.

చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని మెట్లెక్కింది.

మేడమీద హాల్లో పట్టపగలు కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి. ఎదురింట్లో సత్సంగం నడిపే ఆయన ఉంటాడు. పూజగది కర్టెన్ అంచుకి ఇందిరాదేవి పిన్నీసు పెట్టింది, దేవుడు పొరపాటున కూడా చూడకుండా. బల్లమీద నల్లటి సీసా. పక్కన కారప్పూస, జీడిపప్పు, పకోడీలు. అల్లుడు శ్రీచరణ్ హైదరాబాదులో బ్యాంకు సాఫ్ట్‌వేరు పని చేస్తాడు. ఈమధ్య ఆదివారాలు ఫోన్లో వైను పాఠాలు నేర్చుకుంటున్నాడు. ఎక్కడో విమానాశ్రయం కొట్లో తగ్గింపు బుట్టలో కనిపిస్తే ఈ సీసా కొన్నాడు. ఫ్రాన్సులో బర్గండీ అనే ప్రాంతానిదట. దాన్ని కారు డిక్కీలో పడుకోబెట్టి, ఈ ఎండల్లో హైదరాబాదు నుంచి తెచ్చాడు. సీసా మీద సంవత్సరం, భానుమూర్తి గారి కూతురు శాంభవి ఇంటర్మీడియట్ చదివినప్పటిది.

"పాతదే అల్లుడుగారూ, కాదనను," అంటున్నారు భానుమూర్తి గారు. "ఎక్స్‌పైరీ ఎక్కడ వేశాడో చూద్దామని."

"వైనుకి ఎక్స్‌పైరీ ఉండదు మామయ్యగారూ. పాతబడేకొద్దీ మంచిది."

భానుమూర్తి గారు నిట్టూర్చారు. తన సీసాల మీద ఆ మాట వేసే వీలుంటే ఎంత బాగుండేదనుకున్నారు కాబోలు.

ఆ ఇంట్లో వైను బిరడా తీసే మర ఉండే అవకాశమే లేదు. చాకుతో గీకితే బిరడా పొడిపొడిగా రాలింది. నల్లగా, చెదలు పట్టిన తలుపుచెక్కలా. చివరికి భానుమూర్తి గారు పప్పుగుత్తి కాడతో పొడిచి లోపలికి నెట్టేశారు. పెళ్ళికి వచ్చిన గాజు గ్లాసులు షోకేసులోంచి మొదటిసారి బయటికి వచ్చాయి. శాంభవి టీ వడపోసే జల్లెడ పట్టుకుంది, శ్రీచరణ్ అందులోంచి వంచాడు. ఎర్రటిది కాదు, పాత ఇటుక రంగుది దిగింది. జల్లెడలో బిరడా ముక్కలు మిగిలాయి.

"రా రావమ్మా, కూర్చో," అన్నారు భానుమూర్తి గారు. ఆ మాట ఆయన ఆ హాల్లో ఎప్పుడూ అనలేదు. కూర్చోవాలో వద్దో తెలియక రావమ్మ గోడవారన నిలబడింది.

"గ్లాసు ఇలా తిప్పాలి," అన్నాడు శ్రీచరణ్. అందరూ తిప్పారు. భానుమూర్తి గారిది కొంచెం పంచె మీదికి వచ్చింది. "ఏం పర్లేదు, ఏం పర్లేదు," అన్నారాయన, ఎవరూ ఏమీ అనకముందే. "ఇప్పుడు ముక్కు పెట్టి పీల్చాలి."

అందరూ పెట్టారు.

అప్పుడు హాల్లో ఏదో జరిగింది. ఏం జరిగిందో రావమ్మకి అంతుపట్టలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ కదల్లేదు.

"మ్‌మ్," అన్నారు భానుమూర్తి గారు.

"మ్," అంది ఇందిరాదేవి.

శాంభవి గబగబా ఫోను తీసి మొహానికి అడ్డం పెట్టుకుని చదివింది. "తడిసిన అడవి నేల, పుట్టగొడుగులు, పాత తోలు..."

"పాత తోలంటే? చెప్పులా?" అంది ఇందిరాదేవి.

"ఖరీదైన తోలు అత్తయ్యగారూ. గుర్రపు జీను లాంటిది."

"అదే అనుకున్నా. గుర్రం తెలుస్తూనే ఉంది," అన్నారు భానుమూర్తి గారు. ఒక గుక్క మింగి, వెంటనే మంచినీళ్ళు అందుకున్నారు. "ఎండాకాలం కదా, గొంతు తడారిపోతోంది."

శ్రీచరణ్ మళ్ళీ ముక్కు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. గౌరవం పోకుండా, నిద్రనుకోకుండా, సరిగ్గా ఉండవలసినంతసేపు మూసుకున్నాడు. రావమ్మ ఉలిక్కిపడింది. ఆ కొలత ఆవిడకి తెలిసిన కొలతే.

"దీన్నే ఏజింగ్ అంటారు," అన్నాడు కళ్ళు తెరిచి. "మొదటిసారి తాగేవాళ్ళకి కొంచెం... వేరేగా అనిపించవచ్చు."

"అబ్బే! వేరేగా ఏముందీ! అద్భుతం," అన్నారు భానుమూర్తి గారు. "అయినా మేం ఎంత, మా రావమ్మ ముందు. కృష్ణా జిల్లాలో అలాంటి ముక్కు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది, ఎవరూ ఏమీ అనుకోకూడదు. మొహమాటం లేని మనిషి. ఏం రావమ్మా? మొహమాటపడకు. ఏం?"

"మొహమాటపడకే," అంది ఇందిరాదేవి, కొంచెం గట్టిగానే.

"రుచి నిజంగా ఎలా ఉందో చెప్పు రావమ్మత్తా," అంది శాంభవి, దాదాపు బతిమాలుతూ.

గాజు గ్లాసులు అయిపోయాయి. ఇందిరాదేవి స్టీలు గ్లాసులో పోసి ఇచ్చింది.

రావమ్మ రెండు చేతులా అందుకుంది. తిప్పింది. ముక్కు పెట్టింది. చల్లటి గాలి. ఇక మిగిలింది మొహాలే. గ్లాసు అంచు మీదినుంచి ఒక్కో మొహమే చూసింది. భానుమూర్తి గారు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. ఇందిరాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అల్లుడి ముందు ఎప్పుడూ అలాగే పెట్టుకుంటుంది, ముక్కు కనపడదు. శాంభవి ఫోను వెనకాల ఉంది. శ్రీచరణ్ కళ్ళల్లో చిన్నపిల్లాడి ఆశ. ఎక్కడా ఒక ముడత లేదు. ఇన్ని నవ్వుల మధ్య చెడ్డ వస్తువు ఉంటుందా?

నాలిక మీద పోసుకుంది. పులుపు తెలిసింది. వెనక వగరు, నేరేడుపండు తిన్నాక పళ్ళని పట్టుకునేదాని లాంటిది. అడుగున సన్నగా చేదు. ఉన్నవి మూడే. మూడూ చెప్పింది.

"పులుపు నిలబడింది బాబూ. వగరు బాగుంది. ఇంత పాతదయినా ముక్క మెత్తబడలేదు."

శాంభవి ఫోను దించి ఆవిడ వైపు చూసింది.

"స్ట్రక్చర్!" అన్నాడు శ్రీచరణ్ లేచి నిలబడి. "స్ట్రక్చర్ చెడలేదు అంటున్నారు ఆవిడ! విన్నారా? మామూలు ముక్కు కాదు మామయ్యగారూ. గ్లాసివ్వండి."

భానుమూర్తి గారి నవ్వు అలాగే ఉంది గాని, దాని కింద గడ్డం దిగిపోయింది. గ్లాసు చాపారు. శ్రీచరణ్ నిండా పోశాడు.

గండం గడిచిందనుకుంటూ రావమ్మ మెట్లు దిగింది. ఆఖరి మెట్టు మీద ఒక్క నిమిషం కూర్చుంది.

కాసేపటికి ఇందిరాదేవి దిగివచ్చింది. ఒక చేతిలో అడుగున కాస్త మిగిలిన నల్లసీసా, ఇంకో చేత్తో కొంగు. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

"అమ్మా! తల్లీ! ఎలా మింగావే!" అంది ఊపిరి అందక. "తడి గోనెసంచిలో చచ్చిన ఎలక! ఆ కంపుకి నాకు కళ్ళు తిరిగాయి. ఆయన రెండోది తాగి బాత్రూంలో ఉన్నారు. నువ్వొక్క మాట బాలేదంటే అందరం గ్లాసులు దించేద్దామని పిలిపిస్తే, 'ముక్క మెత్తబడలేదు'ట! ఆ ఎలక ముక్కా? ఎంత మర్యాదే నీకు, మా అల్లుడి మొహం చిన్నబోకూడదని! ఇంత చదువుకున్నాం, మేం నీపాటి నటించలేకపోయాం."

రావమ్మకి ఏం వింటోందో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కంపు కొట్టింది. అందరికీ కొట్టింది. అందరూ నవ్వారు. అవి అల్లుడి కోసం నవ్విన నవ్వులు. వాటిని నమ్మి తను నిజం చెప్పింది. వాళ్ళు దాన్ని మర్యాద అనుకున్నారు.

అంటే ఆ ఇంట్లో తన చోటు ఇంతకుముందెన్నడూ లేనంత పదిలంగా ఉంది.

"సరే, అల్లుణ్ణి ఏసీ వేసి పడుకోబెట్టాను. నువ్వు నూనె పోయించెయ్," అంది ఇందిరాదేవి కళ్ళు తుడుచుకుని. "ఇవాళ ఆదివారం, సాయంత్రం రాహుకాలం వచ్చేస్తుంది. పొద్దున్నేమో నీ వర్జ్యం. చూశావు కదా నూనె?"

ఇద్దరాడవాళ్ళూ అప్పటికే మొదటి డబ్బాని చెరోపక్కా పట్టుకున్నారు. గంగాళంలో ముక్కలు, పిండి, వెల్లుల్లి ఎర్రగా సిద్ధంగా ఉన్నాయి. డబ్బా వంగింది. మూతి దగ్గరికి నూనె వచ్చి, మందంగా, పసుప్పచ్చగా ఆగింది.

ఊఁ అంటే చాలు. ఇరవయ్యేళ్ళుగా అన్నదే.

ఇలాగే నవ్వుతారు, అనుకుంది రావమ్మ. పచ్చడి సీసా మూత తీసి, ఎవరింట్లోనో అల్లుడి ముందు, ఇలాగే పళ్ళన్నీ కనబడేలా నవ్వి, మంచినీళ్ళు తాగుతారు.

"ఆగండే," అంది.

డబ్బా ఆగింది.

"అమ్మగారూ. నాకు తెలియలేదు."

"ఏంటే?"

"ఆ కంపు. నాకు తెలియలేదు."

"ఛ, ఊరుకో! ఇక్కడ అల్లుడు లేడులే. నా దగ్గర కూడా మర్యాదేంటి?"

"మర్యాద కాదమ్మగారూ. నాకు వాసనలు తెలియట్లేదు."

"చాల్లేవే! పొద్దున్నే పిండి చూశావట, ఉప్పు తగ్గిందన్నావట." ఇందిరాదేవి రెండో ఆవిడ వైపు చూసి నవ్వింది. "దీనికి నమ్రత కూడా ఎక్కువైపోయింది."

చెప్పినా నమ్మే మనిషి లేదు. రావమ్మ ముందుకొచ్చి, ఇందిరాదేవి చేతిలోంచి నల్లసీసా తీసుకుంది. మూతి దగ్గర ముక్కు ఆనించి, నిదానంగా, గుండెలనిండా పీల్చింది. అంత దూరంలో ఉన్న జలుబావిడ కూడా కొంగు ముక్కుకి పెట్టుకుంది. రావమ్మ రెప్ప ఆడలేదు. ఊపిరి వదిలి మళ్ళీ పీల్చింది. మల్లెపూల వాసన చూస్తున్నట్టు ఉంది ఆవిడ మొహం.

ఇందిరాదేవి నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. స్విచ్చి ఆపాక ఫ్యాను తగ్గినట్టు తగ్గింది.

"ఎప్పట్నించి?"

"కార్తీకం నుంచి."

"మరి ఉసిరికాయ? గోంగూర?"

"రామతులసి చూసిందమ్మగారూ. ఆ పిల్లకి తెలియదు తనే చూస్తున్నానని."

ఇందిరాదేవి గోడవారన పేర్చిన సీసాల వైపు చూసింది. అన్నిటి మీదా ఆవిడే, గరిటె పట్టుకుని.

"వాటిమీద నా మొహం ఉందే రావమ్మా," అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

రావమ్మ డబ్బాల వైపు చెయ్యి చూపించింది. "చూడండమ్మగారూ. మీరే."

"నాకేం తెలుసే?"

"పీల్చండి చాలు."

ఇందిరాదేవి పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మొదటి డబ్బా మీదికి వంగింది. రావమ్మ పక్కగా నిలబడి ఆవిడ ముక్కునే చూస్తోంది. రెక్కలు విచ్చుకున్నాయి. రెండో డబ్బా. విచ్చుకున్నాయి. మూడో డబ్బా మీదికి వంగింది. ఈ మొహానికి ఇప్పుడు ఎవరికోసమూ నవ్వే పని లేదు. రెక్కలు చప్పున మూసుకున్నాయి.

"అది తీసేయండే," అంది రావమ్మ, ఇందిరాదేవి నోరు తెరవకముందే.

మూడో డబ్బాని పెరట్లోకి మోసుకెళ్ళారు. రెండు డబ్బాల నూనె గంగాళంలోకి వెళ్ళింది. రావమ్మ మోచేతుల దాకా చేతులు పెట్టి అడుగునుంచి పైకి, పైనుంచి అడుగుకి కలిపింది. కలపడం అయ్యాక పెరట్లో పంపు కింద చేతులు కడుక్కుంది. సబ్బు రెండుసార్లు వేసుకుంది. రంగు వదల్లేదు.

ఇందిరాదేవి గుమ్మంలో నిలబడి ఉంది. ఇంకా ఆ సీసా చేతిలోనే ఉంది.

"రేపు పొద్దున్నే వస్తావుగా?"

"రామతులసి వస్తుందమ్మగారూ. ఆ పిల్లకి అన్నీ తెలుసు. తెలుసన్న సంగతే తెలియదు. మీరు చెప్పండి."

"అదొస్తే నువ్వు రాకూడదా? ఊరికే వచ్చి కూర్చో. ఎవరన్నారు నిన్ను..."

"ఇందిరా!" పైనుంచి భానుమూర్తి గారి గొంతు నీరసంగా వచ్చింది. "అల్లుడుగారు లేచారు. కాఫీ."

"వస్తున్నా!" అని కేకేసి, "ఉండు, కాఫీ తాగి వెళ్దువుగాని. నేను వచ్చేదాకా కదలకు," అంటూ ఇందిరాదేవి మెట్లెక్కింది.

పైన అల్లుడికి ఫిల్టరు కాఫీ. పంచదార చాలిందా అని రెండుసార్లు అడగడం. వైను గురించి మళ్ళీ ఒకసారి మెచ్చుకోవడం. ఆవిడ తిరిగి దిగేసరికి రెండు చేతుల్లో రెండు కప్పులున్నాయి. ఒకటి తనకి, ఒకటి రావమ్మకి. గేటు గొళ్ళెం తీసి ఉంది. ఆడవాళ్ళిద్దరూ జాడీలకి గుడ్డలు చింపుతున్నారు, ఊఁ అనేవాళ్ళు లేక కట్టకుండా ఆగారు.

మెట్ల కింద, లైసెన్సు ఇచ్చేవాళ్ళు తలకి పెట్టుకోమన్న వల టోపీలు వేలాడే కొక్కేనికి, రావమ్మది తగిలించి ఉంది. వెనకభాగంలో జుట్టుముడి ఉండే చోట అది ఇంకా గుండ్రంగా ఉబ్బే ఉంది.